రాగిరేకులకు బాణీ కట్టిన రాళ్లపల్లి

1816లో మద్రాసులో ఒక తెలుగు వ్యాకరణం ఇంగ్లీషులో అచ్చయింది. రాసినవాడు అలెగ్జాండర్ డంకన్ క్యాంప్‌బెల్. కంపెనీ కొలువులో చేరిన కుర్ర దొరలకు దేశభాషలు నేర్పడానికి సెయింట్ జార్జి కోట పేరిట పెట్టిన కళాశాల వ్యవహారాలు చూసే అధికారి ఆయన. ఆ పుస్తకం కోసం పాత వ్యాకరణాలు వెతుకుతున్న రోజుల్లో ఆయన చెవిన ఒక మాట పడింది. తిరుపతి వెంకటేశ్వరస్వామి గుడిలో రాగిరేకులు పోగులు పడి ఉన్నాయట, వాటి మీద కావ్యాలు చెక్కి ఉన్నాయట.

క్యాంప్‌బెల్ ఊరుకోలేదు. ఒక మనిషిని పంపి రేకులన్నీ చూపించాడు. అతను చదివి తెచ్చిన సమాచారం ఆయనను నిరాశపరిచింది. ఒక లక్షణ గ్రంథాన్ని మినహాయిస్తే మిగిలినవన్నీ దేవుడి మీద పాటలే. ఆ సంగతి తన పుస్తకం పీఠికలో నాలుగు ముక్కల్లో రాసి ముందుకు సాగిపోయాడు. ఆయనకు కావలసింది సూత్రాలు, దొరికింది పాటలు. తెలుగువాళ్ల తొలి వాగ్గేయకారుడు ఆయన చేతికి అందినట్టే అంది జారిపోయాడు. ఇదే క్యాంప్‌బెల్ తర్వాత బళ్లారి కలెక్టరుగా వచ్చాడు. ఈనాటి అనంతపురం సీమ అప్పట్లో బళ్లారి జిల్లాలో భాగం, 1882లో గానీ వేరుపడలేదు. ఆ దొర పక్కన పెట్టిన పాటలకు మళ్లీ గొంతు తెచ్చే మనిషి ఆయన ఏలుబడి చేసిన నేల మీదే పుడతాడు. అందుకు ఇంకా ముప్పావు శతాబ్దం పైనే పడుతుంది.

ముందు ఆ రేకుల కథ చెప్పుకోవాలి. కడప సీమలోని తాళ్లపాకలో 1408లో పుట్టిన అన్నమయ్య పదహారో ఏట తిరుమల వెంకటేశ్వరుడి మీద పాడడం మొదలుపెట్టి 1503లో కన్నుమూసేదాకా పాడుతూనే ఉన్నాడు. మొత్తం 32,000 సంకీర్తనలని ఆయన మనవడు చిన్నన్న తన ద్విపద కావ్యంలో చెప్పాడు. ఆ కావ్యంలోనే మన అనంతపురం వాళ్లకు బాగా దగ్గరి ఘట్టం ఒకటుంది. సాళువ నరసింహరాయలు పెనుగొండలో ఉండగా అన్నమయ్యను పిలిపించుకున్నాడు. దేవుడి మీద పాడిన శృంగార పదం విని మురిసిపోయి, తన మీదా అలాంటిదే ఒకటి పాడమన్నాడు. హరిని పొగిడిన నోటితో నరుణ్ణి పొగడనన్నాడు అన్నమయ్య. రాజుకు కోపం వచ్చి సంకెళ్లు వేయించాడు. పాట పాడగానే సంకెళ్లు ఊడిపడ్డాయని కథ. జరిగింది ఎంతైనా, ఆ పాట పుట్టిన లోకంలో పెనుగొండ కోట కూడా ఉందన్నది మనం గుర్తు పెట్టుకోవలసిన సంగతి.

అన్నమయ్య కొడుకు పెద తిరుమలాచార్యుడు ముందుచూపు ఉన్నవాడు. తాటాకు చెదలు పట్టిపోతుందని తెలిసినవాడు కాబట్టి తండ్రి పాటలను రాగిరేకుల మీద చెక్కించాడు. రేకుకు రెండు వైపులా పాటలు, పాటకు పైన రాగం పేరు. అలా చెక్కించిన వేల రేకులను తిరుమల గుడిలోనే ఒక చిన్న రాతి గదిలో భద్రపరిచారు. గది ద్వారానికి అటూ ఇటూ తండ్రీ కొడుకుల బొమ్మలు చెక్కారు. దాని పేరు సంకీర్తన భాండాగారం. తాళ్లపాక అర అని కూడా అంటారు. రాజులు శాసనాలకు వాడే రాగిని ఒక కవి పాటలకు వాడడం, అదీ అన్ని వేల పాటలకు, మన దేశంలో ఇంకెక్కడా కనిపించదు.

రాగి నిలిచింది, పాట నిలవలేదు. 1565లో రక్కసి తంగడి యుద్ధంతో విజయనగరం కూలింది. రాజధాని పెనుగొండకు మారింది, అక్కణ్ణించి చంద్రగిరికి జరిగింది. తాళ్లపాక వారికి ఆదరువుగా ఉన్న ఏర్పాట్లు క్రమంగా చెదిరాయి. ఆ తర్వాత తిరుమల ఆర్కాటు నవాబుల చేతికి, కంపెనీ చేతికి, 1843 నుంచి 1933 దాకా హథీరాంజీ మఠం మహంతుల చేతికి మారుతూ వచ్చింది. ఇంకో పక్క సంగీతం తీరే మారిపోయింది. తంజావూరు కొత్త పుట్టిల్లయింది. క్షేత్రయ్య పదాలు వచ్చాయి, త్యాగరాజు కృతులు వచ్చాయి. పల్లవి, అనుపల్లవి, చరణాలతో సంగతులు పేర్చుకుంటూ పోయే కృతి కచేరీకి ప్రాణమైంది. చిన్న పల్లవి, దాని వెంట మూడు చరణాలతో సాగే పాత పదం పాతబడిపోయింది. దాన్ని నేర్పే గురువు లేడు, అడిగే శ్రోత లేడు. జోలపాటగా ఒకటి, పెళ్లిలో మంగళహారతిగా ఒకటి ఇళ్లల్లో ఆడవాళ్ల నోళ్లలో మిగిలాయి. వాళ్లకూ అవి ఎవరి పాటలో తెలియదు.

1922 ప్రాంతంలో ఆ అర మళ్లీ పండితుల కంటపడింది. దేవస్థానం శాసనాలను చదివే పనిలో ఉన్న సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి ఈ రేకుల విలువ గుర్తించి లోకానికి చెప్పాడు. రేకులు కొండ దిగి తిరుపతి చేరాయి. 1930లలో అచ్చు పని మొదలైంది. ఆ పనిని నిజంగా భుజాన వేసుకున్నవారు వేటూరి ప్రభాకరశాస్త్రి. 1939లో నెలకొన్న శ్రీ వేంకటేశ్వర ప్రాచ్య పరిశోధన సంస్థలో కూర్చుని రేకులు చదివి, సంపుటాలు తెచ్చి, చిన్నన్న ద్విపదను 1949లో అచ్చు వేయించి, అన్నమయ్య ఎవరో తెలుగువాళ్లకు చెప్పినవారు ఆయన. అన్నమయ్య పేరున ఉత్సవం పెట్టించినవారూ ఆయనే. 1950 ఆగస్టులో ఆయన కన్నుమూశారు.

అప్పటికి అన్నమయ్య అచ్చులోకి వచ్చాడు, గొంతులోకి రాలేదు. కళ్లతో చదువుకునే పుస్తకంగా మిగిలాడు. చదివి ఆనందించవచ్చు, నిజమే. కానీ పాడడానికి పుట్టినదాన్ని చదువుకుని సరిపెట్టుకోవడం ఎంతకాలం?

ఇక్కడ మన కథ అనంతపురం పీఠభూమికి రావాలి. పడమటి కనుమలు నైరుతి మబ్బును అడ్డుకుంటాయి, తూర్పున ఉన్న కొండలు దాటి వచ్చేసరికి ఈశాన్య రుతుపవనం నీరసిస్తుంది. రెంటికీ మధ్య చిక్కిన ఈ నేల మీద ఏడాదికి పడేది సుమారు 550 మిల్లీమీటర్ల వాన, అదీ పడితే. కల్యాణదుర్గానికి ఆవల, కన్నడ సీమ అంచున ఉన్న కంబదూరు ప్రాంతంలో రాళ్లపల్లి అనే పల్లె ఉంది. 1893 జనవరి 23న అక్కడ పుట్టినవారే రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ. తండ్రి కర్నమడకల కృష్ణమాచార్యులు సంస్కృతం, తెలుగు చెప్పారు. పాట తల్లి దగ్గర అబ్బింది. ఆమె పేరు అలమేలుమంగమ్మ.

చదువు కోసం మైసూరు వెళ్లిన ఆ కుర్రవాడు పరకాల మఠంలో శాస్త్రం చదివాడు. బిడారం కృష్ణప్ప దగ్గర సంగీతం నేర్చుకున్నాడు. కట్టమంచి రామలింగారెడ్డి కంట పడి 1912లో మహారాజా కళాశాలలో తెలుగు పండితుడయ్యాడు. ముప్పై ఏడేళ్లు అక్కడే. కన్నడ వాళ్లు ఆయనను తమ మనిషిగానే ఎంచుకున్నారు. సంగీతం మీద ఆయన కన్నడంలోనే ‘గానకలె’ రాశారు. పగలు తరగతి గదిలో కావ్యం, సాయంత్రం రాగం. ఒక చేత సాహిత్యాన్ని, ఇంకో చేత సంగీతాన్ని సమానంగా పట్టుకున్న పండితులు మనకు చాలా తక్కువ. తిరుపతి రేకులు ఎదురుచూస్తున్నది సరిగ్గా అలాంటి మనిషి కోసమే.

అయితే శర్మగారికి ఆ పని దొరకడానికి ముందే, కాలం చెల్లిందనో మోటనో లోకం పక్కన పెట్టినవాటి మీదికి ఆయన మనసు పోతూ వచ్చింది. నా దృష్టిలో ఆయన జీవితాన్ని అర్థం చేసుకోవడానికి ఇదే తాళం చెవి. రెండు వేల ఏళ్ల నాటి ప్రాకృత గాథలు ఎవరికి పట్టాయి? హాలుడి సప్తశతి నుంచి ఏరి తెలుగు పద్యాలు చేశారు. కాకతీయుల కాలంలో జాయప సేనాని రాసిన నృత్తరత్నావళి ఎవరు చదువుతున్నారు? తర్వాతి రోజుల్లో దాన్నీ తెలుగులోకి తెచ్చారు. ఆ తెలుగు పుస్తకం తర్వాత పేరిణి నాట్యాన్ని తిరిగి నిలబెట్టాలనుకున్నవాళ్లకు అక్కరకొచ్చింది.

వేమన సంగతి మరీ ముఖ్యం. పామరులందరి నోటా ఉన్న వేమన్నను పండితులు కవుల పంక్తిలో కూర్చోనివ్వలేదు. ఛందస్సు చాలదన్నారు, భాష మోటన్నారు. బ్రౌను దొర 1824 నుంచి తాళపత్రాలు పోగుచేసి 1829లో వేమన పద్యాలు ఇంగ్లీషు అనువాదంతో అచ్చువేసినా పండితుల మనసు మారలేదు. కదిరి దగ్గరి కటారుపల్లెలో వేమన సమాధికి జనం మొక్కుతూనే ఉన్నారు, పండిత సభల్లో ఆయన ఊసు లేదు. 1928లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు తరఫున అనంతపురంలో వరుసగా ఉపన్యాసాలు ఇమ్మని రాళ్లపల్లి వారిని అడిగినప్పుడు ఆయన ఎంచుకున్న విషయం వేమన. శాస్త్రమంతా చదివిన పండితుడు, సంప్రదాయ వైష్ణవ కుటుంబంలో పుట్టినవాడు, ఆచారాలను ఎండగట్టిన ఆటవెలది ముందు నిలబడి ఇది కవిత్వమని నిరూపించాడు. మరుసటేడు అది పుస్తకంగా వచ్చింది. ఈనాటికీ వేమన మీద మాట్లాడాలనుకునేవాడు ముందు ఆ పుస్తకం గడప తొక్కి రావలసిందే.

ఈ అలవాటుతోనే ఆయన తిరుపతి చేరారు. మైసూరు కొలువు ముగిసి, వేటూరి వారు పోయాక, అన్నమయ్య పని ఆయన చేతికి వచ్చింది. అప్పటికి వయసు యాభై ఏడు.

ఆయన ముందున్న చిక్కు ఏమిటో కొంచెం దగ్గరగా చూద్దాం. రేకు మీద ఉన్నది ఇంత: పైన రాగం పేరు, కింద పల్లవి, చరణాలు. స్వరం లేదు. చాలావాటికి తాళం పేరు కూడా లేదు. మాటకూ మాటకూ మధ్య ఎడం లేదు. ‘ఒక’ అనవలసిన చోట ‘వొక’, ‘ఏమి’ అనవలసిన చోట ‘యేమి’, పలికినట్టే చెక్కారు. చెక్కినవాడి ఉలి జారిన చోట్లు వేరే. మొదటి పని మాటలను విడదీయడం. అన్నమయ్య నిండా సీమ పలుకుబడి. ఊళ్లో రైతు మాట్లాడినట్టు, గొల్లెత కసిరినట్టు, ముసలమ్మ దెప్పినట్టు రాశాడు. నిఘంటువులో దొరకని మాటలు అడుగడుగునా తగులుతాయి. ఇక్కడ మైసూరు గ్రంథాలయం కన్నా కంబదూరు పల్లె ఎక్కువ ఉపయోగపడి ఉంటుందని నా నమ్మకం. కన్నడం, తెలుగు కలిసి నలిగే ఆ సరిహద్దు ఊళ్లలో పాత మాటలు పొలం గట్ల మీద ఇంకా బతికే ఉంటాయి.

రెండో చిక్కు రాగం. పేరు చెక్కి ఉంది కదా, ఆ రాగంలో పాడేస్తే పోలేదా అనిపిస్తుంది. శంకరాభరణం, భైరవి, కాంబోది లాంటివి ఉన్నాయి, నిజమే. కానీ వాటి పక్కనే కొండమలహరి, అబలి, తెలుగుకాంబోది లాంటి పేర్లూ ఉన్నాయి. వీటిని ఈనాటి విద్వాంసుల్లో ఎవరూ పాడరు, గ్రంథాల్లో వెతికినా ఆనవాలు దొరకడం కష్టం. పోనీ పేరు తెలిసిన రాగమైనా నమ్మవచ్చునా అంటే అదీ లేదు. ముఖారినే తీసుకుందాం. 1550లో విజయనగరంలో రామామాత్యుడు స్వరమేళకళానిధి రాశాడు. అందులో ముఖారి అంటే స్వరాలన్నీ శుద్ధంగా ఉండే మొట్టమొదటి మేళం. ఈనాటి పేర్లలో చెప్పాలంటే కనకాంగి లాంటిది. ఇవాళ కచేరీలో వినే ముఖారి పూర్తిగా వేరు, ఖరహరప్రియ వైపు మొగ్గేది. పేరు అదే, మనిషి మారాడు. అన్నమయ్య పాడిన ముఖారి ఏది? పాటకు ‘ముఖారి’ అని చెక్కి ఉంటే, ఈనాటి ముఖారిలో పాడి ఇదే అన్నమయ్య బాణీ అనగలమా?

అనలేం. ఈ నిజాన్ని ఒప్పుకోవడం దగ్గరే చాలామంది ఆగిపోతారు. కొందరు నిరాశపడి పాట జోలికే పోరు. ఇంకొందరు తోచిన వరుస కట్టి పాతదేనని చెలామణి చేస్తారు. రాళ్లపల్లి వారికి రెండూ పనికిరాలేదు. తాళ్లపాక వారే రాసుకున్న సంకీర్తన లక్షణం ఒకటి మిగిలి ఉంది. అన్నమయ్య సంస్కృతంలో రాసినది పోయినా ఇంకో మనవడు చిన తిరుమలాచార్యుడి తెలుగు పద్యాల రూపం దొరికింది. అది పదం ఎలా ఉండాలో చెబుతుంది. ఎలా పాడాలో వినిపించలేదు. వినిపించేవాళ్లు నాలుగు వందల ఏళ్ల కిందటే వెళ్లిపోయారు.

మరి దారి ఎక్కడ దొరికింది? పాటలోనే దొరికింది. సంగీతం పోయినా సాహిత్యం చెక్కుచెదరకుండా ఉంది. ఆ సాహిత్యం ఒక పాటగాడు తాళం వేసుకుంటూ కట్టినది. కాబట్టి నడక ఆ మాటల్లోనే దాగి ఉండాలి. లఘువులు, గురువులు లెక్కపెట్టి చూస్తే ఏ పాట నాలుగేసి మాత్రల మీద నడుస్తుందో, ఏది మూడేసి మీద గెంతుతుందో, ఏది అయిదో ఏడో తీసుకుంటుందో బయటపడుతుంది. యతి పడే చోట తాళం దెబ్బ పడుతుంది. ప్రాస ఉన్న చోట పాదం మొదలవుతుంది. తెలుగు ఛందస్సు తెలియని సంగీత విద్వాంసుడికి ఈ తలుపు తెరుచుకోదు. సంగీతం తెలియని పండితుడు తలుపు తెరిచినా లోపలికి పోలేడు.

ఆయన బాణీ కట్టినవాటిలో ‘అలరులు కురియగ’ అందరికీ తెలిసిన పాట. అలమేలుమంగ నాట్యాన్ని చెప్పే పాట. ఆ రెండు మాటలనే కాసేపు నోట్లో నానబెట్టి చూడండి. ఎనిమిది అక్షరాలు, ఎనిమిదీ హ్రస్వాలే. నాలుగూ నాలుగుగా చిన్న చిన్న అడుగులు. వెంటనే వచ్చే క్రియాపదం దీర్ఘంతో మొదలై దీర్ఘంతో ముగుస్తుంది. అడుగులు వేసి వేసి ఒక్క భంగిమలో నిలిచినట్టు. మాటలే మువ్వలు కట్టుకుని ఉన్నాయి. ఈ పాటకు కట్టిన శంకరాభరణం నిండైన రాగం, ఎక్కడ పడితే అక్కడ గమకాలతో ఊగిపోవచ్చు. శర్మగారు ఊగలేదు. మాట ఎక్కడ తేలికగా ఉందో అక్కడ స్వరాన్ని తేలికగా నడిపి, ఎక్కడ సాగిందో అక్కడ సాగనిచ్చారు. పాట వింటున్నప్పుడు మాట అర్థం కాకపోవడం అనే బాధ ఆ బాణీలో లేదు. ఇది చిన్న సంగతి కాదు. మన కచేరీల్లో సాహిత్యం రాగం కింద నలిగిపోవడం మామూలే. సాహిత్యం గౌరవం తగ్గకుండా రాగం నడవాలని పట్టుబట్టిన సంగీతజ్ఞుడు ఆయన.

ఇలా ఒక్కొక్క పాటకూ వెతుకులాట. అర్థం తేలాలి, నడక దొరకాలి, ఆ భావానికి ఒదిగే రాగం కుదరాలి, పాడి చూసుకోవాలి, మరొకరి చేత పాడించి చూడాలి, స్వరం రాయాలి. వేల పాటల్లో ఆయన స్వరపరచగలిగినవి పదుల కొద్దీ మాత్రమే. మిగిలిన రేకుల పరిష్కరణ, సంపుటాల సంపాదకత్వం ఇంకో పక్క. గౌరిపెద్ది రామసుబ్బశర్మ లాంటి పండితులతో కలిసి వాటినీ ముందుకు నడిపారు. శృంగార సంకీర్తనలు చదవడానికే సంకోచించే రోజుల్లో, వాటిలో ఉన్నది జీవుడి విరహమేనని పీఠికల్లో వివరించి చెప్పవలసి వచ్చేది. నాకు ఆశ్చర్యం కలిగించేది ఆయన తొందరపడకపోవడం. కొండంత పని ముందుంటే ఎవరైనా లెక్క పెంచాలని చూస్తారు. ఆయన ఒక పాటను నిలబెట్టాకే రెండో పాట దగ్గరికి వెళ్లారు.

అదృష్టమూ తోడు వచ్చింది. 1948 డిసెంబరులో విజయవాడలో ఆకాశవాణి కేంద్రం మొదలైంది. పొద్దున్నే భక్తిరంజని. రేడియోకు కొత్త పాటలు కావాలి, ఈ పాటలకు గొంతులు కావాలి. బాలమురళీకృష్ణ, శ్రీరంగం గోపాలరత్నం లాంటి మంచి గొంతులు అక్కడే ఉన్నాయి. ఇరవై ఏళ్ల ముందు ఇవే బాణీలు కట్టి ఉంటే నలుగురు శిష్యుల దగ్గరే ఆగిపోయేవేమో. రేడియో పుణ్యమా అని మూడు వందల ఏళ్లకు పైగా మూగబోయిన పాట వంటింట్లోకి నేరుగా వచ్చింది. అమ్మలు పని చేసుకుంటూ విని పట్టుకున్నారు. పిల్లలకు నేర్పారు. అన్నమయ్య పాటను పోగొట్టింది పెద్ద పెద్ద మార్పులైతే, తిరిగి నిలబెట్టింది ఆ ఇళ్లే.

ఆ తర్వాతి కథ వేగంగా నడిచింది. దేవస్థానం 1978లో అన్నమాచార్య ప్రాజెక్టు పెట్టింది. నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ లాంటి వాళ్లు వందలాది పాటలకు బాణీలు కట్టారు. 1980 ప్రాంతంలో ఎం.ఎస్. సుబ్బులక్ష్మి పాడిన బాలాజీ పంచరత్నమాల రికార్డులతో అన్నమయ్య తెలుగు ఎల్లలు దాటాడు. 1997లో సినిమా వచ్చింది. ఇవాళ అమెరికాలో తెలుగు పిల్లల సంగీత పోటీలో అన్నమయ్య విభాగం లేకపోతే వింతగా ఉంటుంది. పాతబడిపోయిందని మూలన పెట్టిన పాట నేడు అందరికన్నా కొత్తగా వినిపిస్తోంది.

రాళ్లపల్లి వారికి గౌరవాలు వచ్చాయి, ఆలస్యంగానే అయినా. 1974లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఆయనకు సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. కచేరీలు చేసి పేరు తెచ్చుకున్న గాయకులకు ఎక్కువగా దక్కే బిరుదు అది. ముప్పై ఏడేళ్లు తెలుగు పాఠం చెప్పిన పండితుడికి దక్కడం సంగీత లోకం ఆయన పనిని ఎలా చూసిందో చెబుతుంది. 1979 మార్చి 11న ఎనభై ఆరేళ్ల వయసులో ఆయన కన్నుమూశారు.

ఆయన చేసినదాన్ని పునరుద్ధరణ అంటే తక్కువ చేసినట్టవుతుందని నాకనిపిస్తుంది. పాత బాణీని వెతికి తేవడం ఎవరికీ సాధ్యం కాదు, అది గాలిలో కలిసిపోయింది. రాళ్లపల్లి వారు చేసింది కొత్త సృష్టి. అయితే అది అన్నమయ్య మాటకు కట్టుబడిన సృష్టి. పదిహేనో శతాబ్దపు సాహిత్యానికి ఇరవయ్యో శతాబ్దపు సంగీతం అంత సహజంగా అమరడం వల్లనే మనం పొరబడుతున్నాం. ఆ పాట మొత్తం అన్నమయ్య నాటి నుంచీ అలాగే వస్తోందనుకుంటున్నాం. బాణీ కట్టిన మనిషి చెమట మన కంటికి కనిపించడం లేదు.

కచేరీ వేదిక మీద పాటకు ముందు రాగం చెబుతారు, తాళం చెబుతారు, అన్నమాచార్య సంకీర్తన అని చెబుతారు. దానితో పాటు బాణీ ఎవరిదో కూడా చెప్పండి. పిల్లలకు నేర్పే గురువులు నోటు పుస్తకంలో పాట పైన ఆ ఒక్క పేరూ రాయించండి. అనంతపురం జిల్లా బళ్లలో తెలుగు చెప్పే అయ్యవార్లు వేమన పాఠం వచ్చినప్పుడు, అన్నమయ్య పాఠం వచ్చినప్పుడు, ఈ ఇద్దరినీ మనకు దగ్గర చేసిన పండితుడు మన కంబదూరు వైపు వాడేనని పిల్లలకు తప్పక చెప్పండి.